డొమైన్ కొన్నారు సరే... ఎడిటర్‌కు చూపించారా?

ప్లేస్‌మెంట్ల సీజన్ దగ్గరపడితే చాలు, ఫైనలియర్ వాట్సాప్ గ్రూపుల్లో పోర్ట్‌ఫోలియో లింకుల వరద మొదలవుతుంది. ‘అన్నా, ఒక్కసారి చూసి చెప్పవా’ అంటూ నాకూ పంపుతుంటారు. చూస్తాను. డిజైన్లకు వంక పెట్టలేం. డార్క్ మోడ్ ఉంటుంది, కిందికి జరిపితే కార్డులు తేలుతూ వస్తాయి, పేరు టైప్ అవుతున్నట్లు ఒక్కో అక్షరం పడుతుంది. ఆ పేరు కింద మొదటి వాక్యం మాత్రం చాలామందిది ఒకటే: ‘ఐ యామ్ ఎ ప్యాషనేట్ అండ్ హార్డ్‌వర్కింగ్ డెవలపర్...’ లింక్ మారినా మనిషి మారినట్లు అనిపించదు.

డొమైన్‌కు ఏటా డబ్బు కడతారు. టెంప్లేట్ కొంటారు. మంచి షర్ట్ వేసుకుని స్టూడియోకు వెళ్లి ఫొటో దిగుతారు. రాసుకున్న నాలుగు పేరాలను వృత్తిగా ఆ పని చేసే ఎడిటర్‌తో దిద్దించుకోవడానికి మాత్రం రూపాయి తీయరు. నా అభిప్రాయం సూటిగా చెబుతా. చేతిలో ఉన్నది కొంచెమే అయితే ముందు ఎడిటర్‌కు పెట్టండి. గిట్‌హబ్ పేజెస్‌లో సైట్ ఉచితంగానే పెట్టుకోవచ్చు. సొంత డొమైన్ లేదని అభ్యర్థిని పక్కన పెట్టిన హెచ్ఆర్‌ను నేనైతే చూడలేదు.

మీ సైట్‌కు వచ్చినవాళ్లు దాన్ని చదవరు, పైపైన చూసి వెళ్తారు. జాకబ్ నీల్సన్, జాన్ మోర్క్స్ 1997లోనే దీన్ని పరీక్షించారు. పాల్గొన్నవారిలో 79 శాతం మంది కొత్త పేజీ ఏది కనిపించినా పైపైనే చూశారు. ప్రతి పదం చదివింది 16 శాతమే. ఫోన్లు వచ్చాక మనకు ఓపిక పెరిగిందని ఎవరూ అనరు కదా! నాకు ఎక్కువ నచ్చింది ఆ పరిశోధనలోని రెండో భాగం. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్ర పర్యాటక సమాచారాన్ని రకరకాలుగా రాసి జనానికి చూపించారు. పదాలు సగానికి తగ్గిస్తే వాడకానికి అనువుగా ఉండటంలో 58 శాతం మెరుగుదల కనిపించింది. గొప్పలు తీసేసి విషయం మాత్రమే ఉంచితే 27 శాతం. తగ్గించి, గొప్పలు తీసి, కళ్లకు ఆనేలా విడగొట్టి రాస్తే మొత్తం 124 శాతం. విషయం ఎక్కడా మారలేదు, మారింది రాత ఒక్కటే. మన ‘ప్యాషనేట్’లు, ‘డైనమిక్’లు ఏ ఖాతాలోకి వస్తాయో మీకే తెలుసు.

‘గ్రామర్లీ ఉందిగా, చాట్‌జీపీటీ ఉందిగా, మళ్లీ మనిషెందుకు?’ అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. స్పెల్లింగులకూ ఆర్టికల్స్‌కూ అవి బాగానే పనికొస్తాయి, వాడండి. కానీ ఒక ఉదాహరణ చూడండి. ప్రాజెక్టుల పేజీలో ‘హాజరు నమోదు వ్యవస్థను అభివృద్ధి చేసి సామర్థ్యాన్ని గణనీయంగా పెంచాం’ అని ఇంగ్లిష్‌లో రాశారనుకుందాం. వ్యాకరణం ప్రకారం అందులో తప్పేమీ లేదు, సాఫ్ట్‌వేర్ ఊరుకుంటుంది. మంచి ఎడిటర్ ఊరుకోరు. పక్కన కామెంట్ పెడతారు: ఎవరి హాజరు? ఎంతమంది? అంతకుముందు ఎలా తీసుకునేవారు? నలుగురి టీమ్ అన్నారు, అందులో మీరు చేసింది ఏది?

ఆ చివరి ప్రశ్నకే మీరు డబ్బు ఇస్తున్నారనుకోండి. జవాబు చెప్పుకుంటూ పోతే వాక్యం ఇలా మారుతుంది: ‘60 మంది ఉన్న మా సెక్షన్ హాజరు కోసం నలుగురం కలిసి చేసిన యాప్. లాగిన్, డేటాబేస్ నా భాగం.’ గొప్పగా ఏం లేదు. కానీ ఇంటర్వ్యూ చేసేవారి కన్ను నేరుగా ‘లాగిన్’ మీద పడుతుంది, ప్రశ్న అక్కడి నుంచే వస్తుంది. మీకు వచ్చిందే మీతో అడిగించుకున్నట్లు. అదే వాక్యాన్ని మెరుగుపరచమని ఏఐకి ఇస్తే ‘స్పియర్‌హెడెడ్’, ‘లెవరేజ్డ్’ లాంటి బరువైన మాటలు తెచ్చిపెట్టొచ్చు. ‘స్పియర్‌హెడ్ చేశారా, మీ కింద ఎంతమంది పనిచేశారు?’ అని ప్యానెల్ అడిగితే మీ దగ్గర ఏం జవాబుంటుంది?

ఇంకొకటి మన ఇంగ్లిష్. ‘పాస్‌డ్ అవుట్ ఇన్ 2024’ అంటే హైదరాబాద్‌లో, బెంగళూరులో అందరికీ అర్థమవుతుంది. అమెరికా కంపెనీ ఇచ్చే రిమోట్ ఉద్యోగానికి పంపితే, అక్కడివాళ్లకు మొదట తట్టే అర్థం స్పృహ తప్పి పడిపోవడం. ‘మైసెల్ఫ్ ఫలానా’, ‘ఐ యామ్ హ్యావింగ్ నాలెడ్జ్ ఆఫ్ పైథాన్’ కూడా ఆ బాపతే. తెలుగు మీడియంలో చదివామన్న మొహమాటంతో కొందరు ఎవరికీ చూపించకుండా అలాగే పెట్టేస్తారు. దిద్దించుకోవడం చిన్నతనమేం కాదండీ. పేరున్న రచయితలకూ ఎడిటర్లు ఉంటారు. మీరు చదువుతున్న ఈ వ్యాసం కూడా డెస్క్‌లో సబ్ ఎడిటర్ చేయి పడకుండా పేజీలోకి రాదు.

ఇక ఎవరిని పెట్టుకోవాలన్నది. ఎడిటింగ్ అనే ఒక్క మాటలో మూడు పనులున్నాయి. ఏది ముందుండాలి, ఏది తీసేయాలి అని చూసేది ఒకటి. వాక్యాలను సాఫీ చేసే కాపీ ఎడిటింగ్ ఇంకొకటి. అచ్చుతప్పులు పట్టే ప్రూఫ్ రీడింగ్ ఆఖరిది. తక్కువలో అవుతుందని మనవాళ్లు నేరుగా ఆఖరిదానికి వెళ్తారు. పేజీ అంతా గజిబిజిగా ఉంటే కామాలు సరిచేసి లాభమేంటి? పోర్ట్‌ఫోలియోలో ఉండేది మహా అయితే ఆరేడు వందల పదాలు. మొదటి రెండు పనులూ ఒకే మనిషి చేయగలరు. ఫీజు పదానికి ఇంతనో, 250 పదాల పేజీకి ఇంతనో ఉంటుంది కాబట్టి మీ దగ్గర ఎన్ని పదాలున్నాయో లెక్కచూసుకుని అడగండి. అనవసరమైనవి ముందే మీరే కొట్టేస్తే ఖర్చూ తగ్గుతుంది.

ఒప్పుకునే ముందు ఒక్క పేరా శాంపిల్‌గా దిద్ది చూపించమనండి. మార్పులన్నీ గూగుల్ డాక్స్‌లో సజెస్టింగ్ మోడ్‌లోనో, వర్డ్‌లో ట్రాక్ ఛేంజెస్‌తోనో కనిపించాలి. ఏం మార్చారో చూపించకుండా శుభ్రమైన ఫైల్ చేతిలో పెట్టేవారి దగ్గర మీరు నేర్చుకునేది ఏమీ ఉండదు. ఫైల్ వచ్చాక ‘యాక్సెప్ట్ ఆల్’ నొక్కేయకండి. భాష బాగా తెలిసినవారికి టెక్నాలజీ తెలియకపోవచ్చు. పొట్టిగా ఉంటుందని జావాస్క్రిప్ట్‌ను జావా అని మారిస్తే అది వేరే భాష అయిపోయింది! రీడ్‌మీలో కమాండ్లున్న భాగం ముట్టుకోవద్దని ముందే చెప్పండి. వర్డ్‌లో పెడితే నిటారు కొటేషన్ గుర్తులు వంకర గుర్తులుగా, రెండు హైఫన్లు ఒక డ్యాష్‌గా మారిపోయే ప్రమాదం ఉంది. కాపీ చేసుకున్నవారి దగ్గర ఆ కమాండ్ పనిచేయదు.

‘వివరాలు పంపండి చాలు, అంతా మేమే రాసి పెడతాం, రెండేళ్ల అనుభవం కూడా చూపిస్తాం’ అనేవారు తగులుతారు. వాళ్లు ఎడిటర్లు కారు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పాత కంపెనీకి ఫోన్ వెళ్తుంది, పీఎఫ్ వివరాలు అడుగుతారు. పట్టుబడితే చేరిన ఉద్యోగమూ పోతుంది. ఉద్యోగానికి పెట్టే రాత పరీక్షను, ముఖ్యంగా కంటెంట్ రైటర్, టెక్నికల్ రైటర్ పోస్టుల అసైన్‌మెంట్‌ను, ఎవరి చేతా దిద్దించకండి. అక్కడ వాళ్లు చూసేదే మీ చేతిరాతను.

అసలు డబ్బే లేదంటారా? మీ క్యాంపస్‌లోనో, పక్క కాలేజీలోనో ఎంఏ ఇంగ్లిష్, జర్నలిజం చదివేవాళ్లు ఉంటారు. వాళ్లకూ పోర్ట్‌ఫోలియో సైట్ కావాలి, అది కట్టడం మీకు వచ్చు. మాట్లాడుకోండి. గూగుల్, మైక్రోసాఫ్ట్ తమ రచనా శైలి గైడ్లను అందరికీ ఉచితంగా నెట్‌లో పెట్టాయి, ఏది సరైన ప్రయోగమో ఇద్దరి మధ్య వాదన వస్తే అవి తెరవొచ్చు. చదివిపెట్టినవారిని ‘బాగుందా?’ అని అడగకండి, మొహమాటానికి బాగుందనే అంటారు. పేజీ మూసేసి ‘నేను చేసిన పని ఏంటో చెప్పు’ అనండి. చెప్పలేకపోతే మొదటి పేరా మళ్లీ రాయాల్సిందే.