పొయ్యి వెలిగించే ముందు చల్లనీళ్ళు

విక్రాంత్ ఇంకా నీళ్ళల్లోకి దిగలేదా అని ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ అడుగుతున్నారు. కరీంనగర్ నుంచి మేనత్త అడిగింది, సూరత్ నుంచి బావ అడిగాడు. దిగలేదు. ఆలస్యానికి కారణం మేమే, కాక కాదు. ఇంట్లో తప్పంతా ఆయన మీద పడుతోంది కాబట్టి ఈ మాట ముందే చెప్పేస్తున్నాం.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. నాగావ్‌లో మన సాంచెల షెడ్డు సగం ఖాళీ అయ్యాక, నలభై ఏళ్ళు సాంచెలు విప్పి బిగించిన కాక చేతులు ఊరికే ఉండలేకపోయాయి. ఆయనా, మేమిద్దరం అన్నదమ్ములం కలిసి పాత ఐఎన్‌ఎస్ విక్రాంత్ నమూనా ఒకటి కడుతున్నాం. 1:150 కొలత, అంటే మూర మూడు జానలు కాదు, దగ్గర దగ్గర 142 సెంటీమీటర్లు. నిజంగా ఆవిరితో నడవాలి.

"బ్యాటరీ మోటారు పెడితే ఒక్క పూటలో అయిపోయేది కదా" అని వదిన. అయిపోయేది. కాని ఆవిరి మన ఇంటి సంగతి వదినా. 1854లో బొంబాయిలో మొదటి నూలు మిల్లు కంపెనీ మొదలైంది. ఆ మిల్లులు ఆవిరి ఇంజన్ల మీదే పెరిగాయి, మన పద్మశాలీలను ఊళ్ళ నుంచి ఇటు లాగాయి. ఊళ్ళో మగ్గాన్ని చంపిందీ అదే, ఇక్కడ కూలి ఇచ్చిందీ అదే. తాత మిల్లు భోంగా మోగితే లేచేవాడు. 1982 సమ్మె తర్వాతే కదా మనలాంటి ఎన్నో ఇళ్ళు ముంబై వదిలి భివండీ సాంచెల మీద పడ్డది. (మేం బళ్ళారిలో అమ్మమ్మ దగ్గర కన్నడంలో చదువుకున్నాం. అక్కడి పుస్తకంలో రైలు 'ఉగిబండి', అంటే ఆవిరి బండి. తెలుగులో పొగబండి. వాళ్ళకు ఆవిరి కనిపించింది, మనవాళ్ళకు పొగ కనిపించింది. మనవాళ్ళ కళ్ళల్లో ఎక్కువ పడ్డది పొగే కావచ్చు.)

విక్రాంత్‌దీ ఆవిరే. నాలుగు బాయిలర్లు, రెండు టర్బైన్లు, 40,000 హార్స్‌పవర్. 1997లో నౌకాదళం దానికి సెలవిచ్చింది. ముంబైలో మ్యూజియంగా కొన్నాళ్ళున్నప్పుడు కాక మమ్మల్ని తీసుకెళ్ళి చూపించాడు. 2014లో తుక్కుకు అమ్మేశారు. 2022లో వచ్చిన కొత్త విక్రాంత్ గ్యాస్ టర్బైన్లతో నడుస్తుంది.

కట్టడంలో మొదట దెబ్బకొట్టింది బరువు. పొడవు 150 రెట్లు తగ్గితే బరువు 150 రెట్లు తగ్గదు, 33 లక్షల రెట్లకు పైగా తగ్గాలి. 19,500 టన్నుల ఓడ మా చేతిలో ఆరు కిలోల లోపే ఉండాలి, లేకపోతే నీళ్ళు గీత దాటి పైకొస్తాయి. ఆ ఆరు కిలోల్లోనే రేకు, ఇంజను, బాయిలరు, దానిలో నీళ్ళు, స్పిరిట్ పొయ్యి అన్నీ. బాయిలరు పైకుంటే ఓడ పక్కకు ఒరుగుతుంది, అందుకని అడుక్కి దించాం. ఒక సుఖమేమిటంటే ఇది విమానాల ఓడ. పై డెక్కు గిన్నె మీద మూతలా ఎత్తేయొచ్చు.

గొడవ వచ్చింది బాయిలరు దగ్గరే. భంగార్ దుకాణంలో దొరికిన రాగి గొట్టం, రెండు వైపులా రాగి బిళ్ళలు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. కాక ఆ రోజే పొయ్యి వెలిగిద్దామన్నాడు. పరీక్ష చేయాలని మేం పట్టుబట్టాం. మాలో ఒకరి ఉద్యోగమే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ మరి, ఇంట్లో అందరికీ ఆ జబ్బు అంటింది.

"గంతే కదా, పంచర్ షాపోని లెక్క గాలి కొట్టి నీళ్ళల్ల ముంచుదాం. బుడగలొస్తే తెల్వదా?" అన్నాడు.

అదే చేయకూడదని మా వాదన. గాలి నొక్కితే నొక్కుకుంటుంది, స్ప్రింగులాగా బలం దాచుకుంటుంది. అతుకు విడితే ముక్కలు ఎగురుతాయి. నీళ్ళు దాదాపు నొక్కుకోవు. లోపల గాలి బుడగ లేకుండా చల్లనీళ్ళు నింపి, చేతి పంపుతో ఒత్తిడి పెంచితే, అతుకు విడినా ఒక చిమ్ము చిమ్మి గేజి సూది సున్నాకు పడిపోతుంది. ఆవిరి గాలికంటే చెడ్డది. రెండు బార్ల ఒత్తిడిలో లోపలి నీళ్ళు 130 డిగ్రీలు దాటి ఉంటాయి, గొట్టం విడితే ఆ నీళ్ళల్లో కొంత భాగం ఆ క్షణమే ఆవిరైపోతుంది. అన్న కొడుకు ఏడేళ్ళవాడు, ఎప్పుడూ ఆ బల్లకు గడ్డం ఆనించే చూస్తుంటాడు.

కాక ఊరుకుంటాడా. "1971ల విక్రాంత్ పగిలిన బాయిలర్ తోనే లడాయికి పోలేదా?" అన్నాడు. పోయింది, నిజమే. ఒక బాయిలరు పగుళ్ళిచ్చింది. మిగిలిన మూడింటితో, వేగం తగ్గించుకుని బంగాళాఖాతంలో పని చేసింది. కాని పగులు ఎక్కడుందో వాళ్ళకు తెలుసు. దాన్ని బట్టే ఓడను నడిపారు. తెలిసిన లోపంతో బతకొచ్చు కాకా, మనకు మన బాయిలరు గురించి ఏం తెలుసు?

నడిపే ఒత్తిడి రెండు బార్లు, పరీక్ష దానికి రెట్టింపు, నాలుగు. ఆదివారం పొద్దున పంపు కొట్టాం. సూది మూడు దాటగానే ఆగింది, మెల్లగా వెనక్కి జారింది. వెనక బిళ్ళ దగ్గర ఒక్క చుక్క. తుడిస్తే ఇంకో చుక్క. ఆ ఒక్క చోట కాక మామూలు సీసం టంకం వేశాడు. అది 183 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, నీళ్ళు అయిపోయి బాయిలరు ఎండితే ఆ వేడి చేరడానికి ఎంతసేపు పట్టదు. వెండి టంకం 600 డిగ్రీలు దాటితే గాని కరగదు. కాక ఏమీ అనలేదు. బాయిలరు సంచిలో వేసుకుని, రాగి గొట్టాలు అతికే ఏసీ మెకానిక్ దగ్గరకు తానే వెళ్ళాడు. చాయ్ కూడా తాగలేదు.

ఇప్పుడు కొందరు అంటున్నారు, ఇంత కష్టమెందుకు, అద్దాల బీరువాలో పెట్టండి, చూసినవాళ్ళు మెచ్చుకుంటారని. మేం ఒప్పుకోం. అసలు ఓడ మ్యూజియమయ్యాకే తుక్కయింది. పైగా కాక చేతికి తెలిసింది కదిలే వస్తువు, అలంకారం కాదు. ఈ ఊరికి యుద్ధ ఓడలు కొత్తా? 1657లో శివాజీ కల్యాణ్, భివండీ పట్టుకున్నాకే కల్యాణ్ ఖాడీ ఒడ్డున ఓడలు కట్టించడం మొదలుపెట్టాడు. అవి తెరచాపలవి, మాది ఆవిరిది, అంతే. మునిగితే తాడు కట్టి లాగుదాం. ఒక్కటి మాత్రం, ఆవిరి ఇంజనుకు వేసే నూనె పొగగొట్టం లోంచి బయటికొస్తుంది, చెరువు మీద తెట్టు కడుతుంది. దాన్ని పట్టడానికి చిన్న డబ్బా ఒకటి అమర్చాం. మన సరదా కోసం ఊరి చెరువు పాడు చేస్తే ఎవరు ఊరుకుంటారు.

రెండో పరీక్ష వచ్చే ఆదివారం. సూది నాలుగు మీద ఇరవై నిమిషాలు నిలబడితే ఆపై వారం తెల్లారుజామున వరాళ తలావ్. నిలబడకపోతే మళ్ళీ ఏసీ మెకానిక్. అత్తా, టికెట్ అప్పుడే తీసుకోకు.