ఆగిన కాళ్ళు మళ్ళీ కదలాలంటే



"ఒకప్పుడు రోజూ పరుగెత్తేవాణ్ణి, ఇప్పుడు మనసు రావడం లేదు." ఈ మాట మన పల్లెల్లోని యౌవనస్థుల నోట తరచుగా వినిపిస్తున్నది. ఒకడు జ్వరంతో పడుకుని లేచాక మానేశాడు. ఇంకొకడు కోతల కాలంలో పొలానికి వెళ్ళి మళ్ళీ గ్రౌండ్‌కు రాలేదు. ఒక చెల్లి పెళ్ళితో ఆపేసింది. ఇలాంటివారికి మనం ఇచ్చే సలహా ఒక్కటే: "బద్ధకం వదులు." అది సరైన సలహా కాదని నా అభిప్రాయం. ఆగిపోయినవాణ్ణి ఇంట్లోనే కూర్చోబెట్టేది చాలాసార్లు బద్ధకం కాదు, సిగ్గు. సిగ్గుపడుతున్నవాణ్ణి మందలిస్తే ఇంకా లోపలికి వెళ్ళిపోతాడు గాని బయటికి రాడు.

మన కళ్ళ ముందు జరిగిన సంగతే చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నవంబరులో 6,100 కానిస్టేబుల్ ఉద్యోగాలకు ప్రకటన వచ్చింది. 2023 జనవరి 22న ప్రిలిమినరీ పరీక్ష జరిగింది. 95 వేల మందికి పైగా అందులో పాసయ్యారు. తరువాతి మెట్టు పరుగు. పురుషులు 1600 మీటర్లు 8 నిమిషాల్లో, స్త్రీలు 10 నిమిషాల 30 సెకన్లలో ముగించాలి. ఫలితాలు చూసుకున్న మరుసటి రోజు నుండే ఎంతోమంది చెరువు గట్ల మీద, హైస్కూలు గ్రౌండ్లలో, కాలువ గట్ల మీద తెల్లవారకముందే పరుగెత్తారు. మార్చిలో జరగవలసిన ఆ పరీక్షలు వాయిదా పడ్డాయి. వేసవి పోయింది, వానలు పోయాయి, ఇంకొక ఏడాది పోయింది. చివరికి అవి మొదలైంది 2024 డిసెంబరు 30న.

దాదాపు రెండేళ్ళు! ఆ రెండేళ్ళూ ఎవరైనా అదే ఊపుతో పరుగెత్తగలరా? కొందరు హైదరాబాదుకో బెంగళూరుకో పనికి వెళ్ళారు. కొందరు అప్పులు తీర్చడానికి ఆటో నడిపారు. తేదీ మళ్ళీ ప్రకటించినప్పుడు వారికి మిగిలింది కొన్ని వారాలే. ఇంతకాలం ఆగిపోయిన కాళ్ళను మళ్ళీ ఎలా కదిలించాలన్నది వారికి కాలక్షేపం ప్రశ్న కాదు, ఇంటి అన్నానికి సంబంధించిన ప్రశ్న. వారిని "బద్ధకస్తులు" అనగలమా?

అసలు పరుగు ఆపితే దేహంలో ఏం జరుగుతుందో తెలుసుకుంటే సగం సిగ్గు పోతుంది. సాధన ఆగగానే మొదట తగ్గేది రక్తంలోని ద్రవభాగం. దానివల్ల గుండె ఒక్కసారి కొట్టుకున్నప్పుడు పంపే రక్తం తగ్గి, అదే వేగానికి ఎక్కువసార్లు కొట్టుకోవలసి వస్తుంది. అందుకే మూడు వారాల విరామం తరువాత గ్రౌండ్ చుట్టూ ఒక్క చుట్టు తిరిగేసరికి ఆయాసం వస్తుంది. 1984లో ఎడ్వర్డ్ కోయిల్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివారు బాగా సాధన ఉన్న కొందరు క్రీడాకారుల చేత సాధన మాన్పించి పరీక్షించారు. ఆక్సిజన్‌ను వాడుకునే శక్తి మొదటి మూడు వారాల్లో సుమారు 7 శాతం పడిపోయింది, పన్నెండు వారాలయ్యేసరికి సుమారు 16 శాతం పడిపోయింది. అయితే ఇంకొక సంగతి గమనించండి. పన్నెండు వారాలు ఏమీ చేయకపోయినా వారు ఎన్నడూ సాధన చేయని మనుషుల కంటే మెరుగుగానే ఉన్నారు. చేసిన కష్టమంతా పోలేదు.

కాబట్టి ఆయాసం నీ గుణాన్ని గురించి ఇచ్చిన తీర్పు కాదు, సహోదరుడా. కొన్ని వారాలు పని లేని గుండె ఇచ్చే మామూలు జవాబు అది.

మరి సిగ్గు ఎక్కడ నుండి వస్తుంది? రెండు వైపుల నుండి. ఒకటి ఊరి నుండి. "ఏరా, మళ్ళీ మొదలెట్టావా? ఈసారి ఎన్నాళ్ళు?" అని అరుగు మీద కూర్చున్నవారు నవ్వుతూ అడుగుతారు. వారికి అది ఒక్క మాటే. విన్నవాడు మాత్రం మరుసటి రోజు లేవడు. రెండోది మనలో నుండే. ఒకప్పుడు ఏడు నిమిషాల్లో పరుగెత్తిన నేను ఇప్పుడు పది నిమిషాలు తీసుకుంటున్నానే అన్న లెక్క. ఈ రెండోదే ఎక్కువ బాధ పెడుతుంది. నిన్నటి మనిషి ఈరోజు మనిషి పక్కన పరుగెత్తుతూ ప్రతి చుట్టులోనూ ఎగతాళి చేస్తుంటాడు. ఆ పోటీలో ఎవరూ గెలవలేరు.

పరిశుద్ధ గ్రంథంలో ఏలీయా చరిత్ర మీకు తెలిసినదే. మొదటి రాజుల గ్రంథం 18వ అధ్యాయం చివర ఆయన నడుము బిగించుకొని అహాబు రథానికి ముందుగా యెజ్రెయేలు వరకు పరుగెత్తాడు. తరువాతి అధ్యాయంలో ఆ మనిషే బదరీ వృక్షం కింద కూలబడి, ఇక బ్రతకడం వద్దన్నాడు. రథాన్ని మించి పరుగెత్తినవాడు లేవలేకపోయాడు. అప్పుడు ఆయనకు దొరికినదేమిటో జాగ్రత్తగా చూడండి. మందలింపు కాదు, గతం గుర్తుచేయడం కాదు. నిద్ర, కాల్చిన రొట్టె, నీళ్ళు. మళ్ళీ నిద్ర, మళ్ళీ భోజనం. ప్రయాణం నీ శక్తికి మించినది గనుక తినమన్నారే తప్ప, వెంటనే పరుగెత్తమనలేదు. ఆ తరువాత ఆయన హోరేబుకు వెళ్ళింది నడిచే. "నీవు రథం కంటే వేగంగా పరుగెత్తినవాడివి కదా" అని ఎవరూ ఆయనను పొడవలేదు.

మన కాలపు మనిషి ఫౌజా సింగ్ సంగతి కూడా చెప్పాలి. పంజాబులో జలంధర్ దగ్గర బియాస్ పిండ్ ఆయన ఊరు. చిన్నతనంలో ఐదేళ్ళు వచ్చేవరకు సరిగా నడవలేకపోయాడు. యౌవనంలో ఇష్టంగా పరుగెత్తేవాడు. 1947 దేశవిభజన తరువాత పరుగు మానేశాడు. రైతుగా జీవితం గడిచింది. 1992లో భార్య, 1994లో కుమారుడు చనిపోయారు. ఇంగ్లండులో ఉన్న మరొక కుమారుని దగ్గరికి చేరి, ఆ దుఃఖంలో, ఎనభై దాటిన వయసులో మళ్ళీ పరుగు మొదలుపెట్టాడు. అర్ధ శతాబ్దం విరామం! 2000లో లండన్ మారథాన్, అంటే 42 కిలోమీటర్లు, 6 గంటల 54 నిమిషాల్లో పూర్తిచేశాడు. అప్పుడు ఆయన వయసు 89. 2011లో టొరంటోలో నూరేళ్ళ వయసులో మారథాన్ ముగించాడు. జనన ధృవపత్రం లేనందున గిన్నిస్ వారు ఆ రికార్డును నమోదు చేయలేదు. ఆయన పరుగు మాత్రం ఆగలేదు. 2025 జూలైలో తన ఊరి దగ్గరే రోడ్డు ప్రమాదంలో మరణించాడు.

ఎనభై దాటినవాడు తన ముప్పై ఆరేళ్ళ నాటి వేగం కోసం బయలుదేరి ఉంటే మొదటి వారమే ఇంట్లో కూర్చునేవాడు. ఆయన కాళ్ళు ఆ రోజు ఎంత ఇస్తే అంత తీసుకున్నాడు.

ఇక ఎలా మొదలుపెట్టాలి? మనసు వచ్చాక లేద్దామని కూర్చోవద్దు. చాలామందికి మనసు ముందు రాదు. కాళ్ళు కదిలిన కొన్ని రోజులకు వస్తుంది. కాబట్టి మనసు లేకపోయినా చేయగలిగినంత చిన్న కొలత పెట్టుకోండి. మొదటి వారం ఇరవై నిమిషాలు చాలు. రెండు నిమిషాలు నడక, ఒక నిమిషం మెల్లని పరుగు, మళ్ళీ నడక. పక్కవారితో ఒక పూర్తి వాక్యం మాట్లాడలేకపోతే వేగం ఎక్కువైందని అర్థం. వారంలో మూడు నాలుగు రోజులు, మధ్యలో ఒకరోజు విడిచి. మొదటి రెండు వారాలు వాచీ ఇంట్లో పెట్టి వెళ్ళండి.

ఇంత మెల్లగా ఎందుకంటే, గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే తేరుకుంటాయి గాని, ఎముకలు, కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే నరాల్లాంటి పోగులు అంత త్వరగా గట్టిపడవు. "ఆయాసం తగ్గింది కదా" అని మూడో వారంలోనే పాత వేగానికి వెళ్ళినవారు ముంగాలి నొప్పితో మళ్ళీ ఆగిపోతారు. రెండోసారి ఆగితే లేవడం ఇంకా కష్టం. పరీక్ష తేదీ దగ్గరున్నవారు కూడా మొదటి వారాలను తగ్గించుకోవద్దు. 1600 మీటర్లు 8 నిమిషాల్లో అంటే 400 మీటర్ల చుట్టు ఒక్కొక్కటి 2 నిమిషాల చొప్పున నాలుగు చుట్లు. పునాది పడ్డాక ముందు ఒక చుట్టు ఆ వేగంతో పరుగెత్తి, నడిచి, మళ్ళీ ఒక చుట్టు. అలా పెంచుకుంటూ వెళ్ళండి.

రోజూ తప్పకుండా చేసే పనికి పరుగును జతచేయండి. పాలకేంద్రంలో పాలు పోసి వచ్చాక, క్యాను ఇంట్లో పెట్టి అదే చెప్పున బూట్లు వేసుకోండి. రేపు ఆలోచించవలసిన అవసరం ఉండదు. లారీలు తిరిగే తారు రోడ్డు కంటే గట్టు మట్టి కాళ్ళకు మేలు. చీకట్లో వెళ్ళేవారు తెల్ల చొక్కా వేసుకోండి. డెంగ్యూ, చికున్‌గున్యా వచ్చి లేచినవారు, షుగరు, బీపీ ఉన్నవారు డాక్టరును అడిగాకే మొదలుపెట్టండి. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం ఉంటే అక్కడే ఆగండి. అలా ఆగడంలో సిగ్గు లేదు.

"ఇలా బుజ్జగిస్తే పిల్లలు పాడవుతారు, గట్టిగా చెప్పకపోతే ఎవడు లేస్తాడు?" అని కొందరు పెద్దలు అంటారు. క్రమశిక్షణ అవసరమే, నేను కాదనను. కొరింథు సంఘానికి వ్రాసిన పౌలు కూడా పందెంలో పరుగెత్తేవాని మితాన్ని గురించి వ్రాశాడు. ఆ పట్టణం పక్కనే ఇస్త్మియా పోటీలు జరిగేవి గనుక ఆ మాట వారికి బాగా అర్థమై ఉంటుంది. అయితే క్రమశిక్షణ అనేది పరుగెత్తుతున్నవాడు తనకు తాను వేసుకునే కట్టుబాటు. కూర్చుండిపోయినవాని మీద మనం విసిరే రాయి కాదు. తెల్లవారి నాలుగున్నరకు పిల్లవాణ్ణి తిట్టి లేపే తండ్రి కంటే, తానూ లేచి గట్టు దాకా నడిచే తండ్రి ఎక్కువ మేలు చేస్తాడు. కూతురు పరుగెత్తడానికి భయపడితే తల్లి చెంబు నీళ్ళు పట్టుకొని గట్టు మీద కూర్చుంటే చాలు. ఊరి నోళ్ళు వాటంతటవే మూతపడతాయి. వచ్చాక ఒక గ్లాసు రాగి జావ ఇవ్వండి. "ఎన్ని నిమిషాల్లో?" అని మాత్రం అడగకండి.

అరుగు మీద కూర్చునే అన్నలారా, మీకూ ఒక మనవి. మళ్ళీ మొదలుపెట్టినవాడు మీ ముందు నుండి వెళ్తే "ఎన్నాళ్ళు" అని అడగవద్దు. "బాగుంది తమ్ముడూ" అనండి. అదీ రాకపోతే ఊరుకోండి.

ఆగిపోయిన నా తమ్ముడా, నా చెల్లీ, నువ్వు పాత చోటికి తిరిగి వెళ్ళనవసరం లేదు. ఈరోజు నీ కాళ్ళు ఎక్కడున్నాయో అక్కడ నుండి బయలుదేరు. కడుపునిండా తిను, తొందరగా పడుకో. రేపు ఉదయం గట్టు దాకా నడిచి, అక్కడ నుండి ఒక్క నిమిషం పరుగెత్తు. తరువాత రెండు నిమిషాలు నడు. ఊపిరి సర్దుకున్నాక ఇంకొక నిమిషం. రేపటికి అది చాలు.