తోక మరచిన రెక్కలు

హజ్ రోజులు వచ్చాయంటే శంషాబాద్ విమానాశ్రయం వద్ద మన కుటుంబాల సందడి ఇంతా అంతా కాదు. ఇహ్రామ్ ధరించిన దాదాను సాగనంపడానికి వచ్చిన మనవడు, నెత్తిమీదుగా లేచిపోతున్న విమానాన్ని చూసి ఒక ప్రశ్న వేస్తాడు. "దాదా, అంత బరువు గాలిలో ఎట్లా నిలబడుతుంది?" దీనికి మన పెద్దల దగ్గర సిద్ధంగా ఉండే జవాబు ఒకటే. "మొట్టమొదట ఎగిరింది మనవాళ్ళే బేటా! స్పెయిన్‌లో ఇబ్నె ఫిర్నాస్ అని ఒకాయన ఉండేవాడు." పిల్లవాడు అడిగింది 'ఎట్లా' అని. మనం చెప్పింది 'ఎవరు' అని. ప్రశ్న అక్కడితో ఆగిపోతుంది.

ఆ పేరు చెప్పుకోవడంలో తప్పు లేదు. అయితే చెప్పేది సరిగ్గా చెబుతున్నామా అన్నదే ఆలోచించవలసిన విషయం.

అబ్బాస్ ఇబ్నె ఫిర్నాస్ దక్షిణ స్పెయిన్‌లోని రోండా ప్రాంతంవాడు. ఖుర్తుబా (కార్డోబా) నగరంలో ఉమయ్యద్ పాలకుల ఆస్థానంలో జీవించి, హిజ్రీ 274లో, అంటే క్రీ.శ. 887లో కన్నుమూశాడు. కవి, యంత్రకారుడు. రాళ్ళను కరిగించి గాజు చేసే పద్ధతి కనిపెట్టాడని, నీటి గడియారం నిర్మించాడని, తన ఇంట్లో ఒక గదిని ఆకాశంలా మలచి అందులో నక్షత్రాలు, మబ్బులు, మెరుపులు చూపించేవాడని చరిత్రకారులు రాశారు. ఇక ఎగరడం సంగతి. నేడు అందరూ చెప్పే కథనం అల్ మఖ్ఖరీది. ఆయన ఒంటికి ఈకలు తొడిగి, రెక్కలు కట్టుకుని, ఎత్తైన చోటు నుంచి దూకాడట. కొంతదూరం పక్షిలా సాగాడట. దిగేటప్పుడు మాత్రం వీపుకు గట్టి దెబ్బ తగిలిందట. పక్షులు వాలేటప్పుడు తోకను ఉపయోగిస్తాయని గ్రహించక, తనకు తోక అమర్చుకోలేదన్నది మఖ్ఖరీ చెప్పిన కారణం.

మఖ్ఖరీ మరణించింది 1632లో. పాత గ్రంథాలను పరిశీలించి రాసిన పండితుడే అయినా, ఆ ఘటనకూ ఆయనకూ మధ్య ఏడున్నర శతాబ్దాలు గడిచాయి. ఒక హదీసు వినిపిస్తే "ఎవరి ద్వారా వచ్చింది? ఆయనకు ఎవరు చెప్పారు?" అని గొలుసు అడిగే సంప్రదాయం మనది. ఆ గొలుసులో ఒక్క కడియం బలహీనంగా ఉన్నా ఉలేమాలు ఊరుకోరు. మరి మన గొప్పల విషయంలో ఆ గొలుసు ఎందుకు అడగం? ఇబ్నె ఫిర్నాస్ పది నిమిషాలు గాలిలో ఉన్నాడని, అప్పటికి ఆయనకు డెబ్బై ఏళ్ళని ఉపన్యాసాల్లో వింటుంటాం. మఖ్ఖరీ కథనంలో నిమిషాల లెక్కా లేదు, వయసూ లేదు. అవి తర్వాత వచ్చి చేరిన ఈకలు!

అలాగని అంతా కట్టుకథ అని కొట్టివేయడమూ న్యాయం కాదు. ఇబ్నె ఫిర్నాస్ కాలంలోనే ఉన్న ఆస్థాన కవి మోమిన్ ఇబ్నె సయీద్ తన కవితలో ఈ ఎగరడాన్ని ప్రస్తావించాడు. ఈ కవికి ఇబ్నె ఫిర్నాస్ అంటే గిట్టదు. ఆయన కృత్రిమ ఆకాశాన్ని కూడా ఎగతాళి చేసినవాడు. గిట్టనివాడి సాక్ష్యం మిత్రుడి పొగడ్త కంటే ఎక్కువ తూగుతుంది. కాబట్టి ఖుర్తుబాలో ఏదో ఒక ప్రయత్నం జరిగిందని నమ్మడానికి ఆధారం ఉంది. అంతకుమించి చెబితే అది మన కల్పన.

ఈ మొత్తం కథలో నిజంగా విలువైనది ఆ తోక మాట. పక్షి చెట్టుకొమ్మ మీద వాలడం గమనించండి. రెక్కలను పైకెత్తి, తోకను విసనకర్రలా విప్పి, గాలికి అడ్డంగా నిలబడి వేగాన్ని చంపుకుంటుంది. రెక్క కాస్త పైకి వాలుగా ఉండి ముందుకు సాగుతున్నప్పుడు గాలిని కిందికి మళ్ళిస్తుంది. బదులుగా గాలి రెక్కను పైకి నెడుతుంది. రెక్క పైభాగంలో గాలి వేగం ఎక్కువ, ఒత్తిడి తక్కువ. విమానం బరువును మోసేది ఈ తేడాయే. అయితే వాలు మరీ ఎక్కువైతే పైభాగంలోని గాలి రెక్కను వదిలి చెదిరిపోతుంది, పైకెత్తే బలం ఒక్కసారిగా పడిపోతుంది. ఆ వాలును అదుపులో ఉంచేది తోక. తోక లేనివాడు ఎగరగలిగినా దిగలేడు.

దెబ్బ తిన్నవారు మనలోనే కాదు. పదకొండో శతాబ్దపు తొలినాళ్ళలో ఇంగ్లండ్‌లోని మామ్స్‌బరీ మఠానికి చెందిన ఐల్మర్ అనే సన్యాసి ఇలాగే దూకి రెండు కాళ్ళూ విరగగొట్టుకున్నాడు. తోక పెట్టుకోకపోవడమే తన పొరపాటని ఆయనా వాపోయాడు! రెండు దేశాలు, రెండు మతాలు, ఒకే పొరపాటు. ఖుర్తుబా పాఠం ఇంగ్లండ్‌కు అందలేదు. అంతెందుకు, మన నిషాపూర్‌కే అందలేదు. 'సిహాహ్' అనే ప్రసిద్ధ అరబీ నిఘంటువు రచించిన అల్ జౌహరీ, సుమారు క్రీ.శ. 1000 ప్రాంతంలో అక్కడ చెక్కలు కట్టుకుని మసీదు కప్పు మీది నుంచి దూకి ప్రాణాలు కోల్పోయాడని జీవితచరిత్రకారులు రాశారు. రెక్క వెడల్పు ఎంత, బరువు ఎంత, గాలి ఎటు వీచింది అని రాసిపెట్టిన వారు లేకపోవడంతో ప్రతివాడూ మొదటి మెట్టు నుంచే మొదలుపెట్టవలసి వచ్చింది.

1680లో అచ్చయిన గ్రంథంలో ఇటలీకి చెందిన బొరెల్లీ, మనిషి కండరాలకు రెక్కలాడించి ఎగిరేంత బలం లేదని లెక్కగట్టి చూపాడు. 1799లో ఇంగ్లండ్‌వాడు జార్జ్ కేలీ, పైకెత్తే పని రెక్కది, ముందుకు నెట్టే పని వేరే సాధనానిది అని విడదీశాడు. 1804లో ఆయన చేసిన నమూనాకు తోక ఉంది. జర్మనీలో ఓటో లిలియెంతాల్ సుమారు రెండువేల సార్లు గాలిలో తేలి, ప్రతిదీ లెక్క రాసుకుని, 1896లో కిందపడి మరణించాడు. ఆయన మరణించినా లెక్కలు మిగిలాయి. అమెరికాలో సైకిళ్ళ దుకాణం నడుపుకునే విల్బర్ రైట్, ఆర్విల్ రైట్ సోదరులు వాటితోనే మొదలుపెట్టారు. తమ గాలిపటపు విమానం ఆ లెక్కల ప్రకారం లేవకపోతే, 1901లో ఒక చెక్కపెట్టెలో గాలి ఊది సుమారు 200 రకాల చిన్న రెక్కలను పరీక్షించారు. 1902లో తోకను కదిలేలా చేశారు. 1903 డిసెంబర్ 17న కిట్టీహాక్ సమీపాన ఇంజను బిగించిన విమానంలో ఆర్విల్ 12 సెకన్లలో 120 అడుగులు సాగాడు. అదేరోజు నాలుగోసారి విల్బర్ 59 సెకన్లలో 852 అడుగులు వెళ్ళాడు. చూసిన సాక్షులు ఐదుగురు. ఫోటో కూడా ఉంది. ఎవరికైనా కావలసిన గొలుసు ఇదే.

పక్షుల వైపు చూడమని ఖుర్ఆన్‌లోని ముల్క్ సూరా మనకు గుర్తుచేస్తుంది. పారాయణం చేసే ఇళ్ళు ఎన్నో. పక్షి రెక్క వాలును, తోకను పిల్లలకు చూపించే ఇళ్ళు ఎన్ని? పదో తరగతి దాటిన కూతురు ఇంజనీరింగ్ చదువుతానంటే "ఆడపిల్లకు విమానాలెందుకు?" అని కసిరి, అదే సాయంత్రం జల్సాలో ఇబ్నె ఫిర్నాస్ పేరు వినగానే సుబ్‌హానల్లాహ్ అనే తండ్రులు మనలో లేరా? ఆ పేరుతో ప్రశ్నకు తాళం వేస్తే ఆయనకు మనం చేసిన గౌరవం ఏమిటి? మనవడికి ఆయన పేరుతోపాటు ఆయన పొరపాటునూ చెప్పాలి. అది చెబితేనే 'ఎట్లా' అన్న ప్రశ్నకు జవాబు మొదలవుతుంది.

హజ్‌కు వెళ్ళే పెద్దలకు ఒక చిన్న మాట. రెక్క వెనకవైపు కిటికీ పక్కన సీటు దొరికితే, జిద్దాలోనో మదీనాలోనో దిగేటప్పుడు దుఆ చేసుకుంటూనే ఒకసారి బయటకు చూడండి. రెక్క వెనక అంచు నుంచి రేకులు వెనక్కి, కిందికి జారుతాయి. వేగం తగ్గినా బరువు మోయడానికి అవి కావాలి. నేల తాకే ముందు విమానం ముక్కు కాస్త పైకి లేస్తుంది, వాలబోయే పావురం మాదిరిగా. దాన్ని లేపేది మీకు కనిపించని తోక. చక్రాలు ఆనగానే రెక్క మీద పలకలు నిటారుగా లేచి, మిగిలిన కాస్త ఎత్తే బలాన్నీ చంపేస్తాయి. తిరిగి వచ్చాక ఖర్జూరాలు, జమ్‌జమ్‌తోపాటు ఇదీ మనవడికి చెప్పండి.