కోతకు లొంగని లోహానికి నిప్పురవ్వే ఉలి

వజ్రాన్ని వజ్రంతోనే కోయాలన్నది లోకోక్తి. అయితే అతి కఠినమైన ఉక్కును మెత్తని రాగితోనో, గ్రాఫైట్‌తోనో మలచగల విధానం యంత్ర పరిశ్రమలో ఉన్నది. అదే ఎలక్ట్రికల్ డిశ్చార్జ్ మెషినింగ్. కార్ఖానాల వాడుకలో స్పార్క్ ఎరోషన్.

విద్యుత్ కాంటాక్టులు రవ్వల వల్ల అరిగిపోకుండా చూసే ప్రయత్నంలో ఉన్న సోవియట్ శాస్త్రవేత్తలు లజరెంకో దంపతులు, ఆ అరుగుదలనే పనిముట్టుగా వాడుకోవచ్చునని 1943లో గ్రహించారు. విద్యుత్ ప్రసరించని నూనెలో ఎలక్ట్రోడ్‌ను లోహానికి వెంట్రుకవాసి దూరంలో నిలిపి కరెంటు పంపితే, మధ్యలో సెకనుకు వేలాది రవ్వలు పుడతాయి. ఒక్కొక్క రవ్వ లోహాన్ని రవంత కరిగించి తొలగిస్తుంది.

ఎలక్ట్రోడ్ లోహాన్ని తాకదు కనుక పలుచని భాగాలు ఒత్తిడికి వంగవు. లోహం ఎంత గట్టిదైనా ఇబ్బంది లేదు. అచ్చుల ఉక్కును ముందుగానే వేడిచేసి గట్టిపరచి, ఆ తర్వాత మలచవచ్చు. జెట్ ఇంజన్ల టర్బైన్ బ్లేడ్లలో సన్నని శీతలీకరణ రంధ్రాలు చేయడానికి కూడా ఈ విధానం ఉపయోగపడుతున్నది.

పరిమితులూ లేకపోలేదు. పని నెమ్మదిగా సాగుతుంది. ఎలక్ట్రోడ్ కూడా అరుగుతుంది. విద్యుత్ ప్రసరించని పదార్థాలపై ఇది పనిచేయదు. కరిగి గడ్డకట్టిన పైపొరలో సూక్ష్మమైన పగుళ్లు ఏర్పడవచ్చు. విమాన భాగాల విషయంలో ఆ పొరను ఉపేక్షించరాదు. మామూలు మిల్లింగుతో తేలికగా అయ్యే పనికి ఈ యంత్రాన్ని వాడటం దుబారాయే.

భారతదేశానికి ఈ విద్య కొత్త కాదు. ఇటువంటి యంత్రాలు పుణేలో తయారవుతున్నాయి. హైదరాబాద్‌లో 1973లో స్థాపించిన మిధానీ టైటానియం, నికెల్ మిశ్రలోహాలను ఉత్పత్తి చేస్తున్నది. అదే నగరంలోని బాలానగర్‌లో 1968 నాటి కేంద్ర టూల్ డిజైన్ సంస్థ శిక్షణనిస్తున్నది. లోహమూ, యంత్రమూ, శిక్షణా ఉన్నప్పటికీ, చిన్న కార్ఖానా యజమానికి యంత్రం కొనుగోలు భారమే. కొన్నా, దానికి నిండా పని దొరుకుతుందన్న భరోసా లేదు.

కనుక యంత్రానికి రుణమిచ్చి ప్రభుత్వం చేతులు దులుపుకోరాదు. పారిశ్రామిక వాడల్లో గంటల లెక్కన అద్దెకిచ్చే ఉమ్మడి యంత్రాలు, పైపొరను పరీక్షించే వసతి, రవ్వ వ్యవధినీ విరామాన్నీ సరిగా అమర్చగల పనివారు – ఈ మూడూ ఒకేచోట లభించాలి. కఠిన లోహాన్ని కరిగించి పోయగలిగిన దేశం, దానిని కోరిన రూపానికి తేలేకపోతే అసలు లాభం పరాయి దేశాల పాలవుతుంది.