బాండ్ల సొమ్ముకు వేరే ఖాతా ఉండాలి

బోరు వేయడానికి అప్పు చేస్తాం. నీళ్లు పడతాయి. మోటారుకు, పైపులకు డబ్బు చాలదు. పంట రాకముందే వాయిదా వచ్చి గుమ్మంలో కూర్చుంటుంది. ఈ బాధ పడని రైతు మన జిల్లాలో ఉన్నాడా? ప్రభుత్వాలు కాలువల కోసం బాండ్లు అమ్మినప్పుడు జరిగేదీ ఇంచుమించు ఇదే. కాకపోతే అంకెలు పెద్దవి.

గుజరాత్‌లో నర్మద మీద సర్దార్ సరోవర్ కట్టడానికి 1988లో ఓ నిగమ్ పెట్టారు. 1993 మార్చిలో ప్రపంచ బ్యాంకు అప్పు ఆగిపోయింది. సొమ్ము కోసం ఆ ఏడాది చివర్లో నిగమ్ జనం దగ్గరికే వచ్చి బాండ్లు అమ్మింది. ఇవాళ 3,600 రూపాయలు కట్టండి, 20 ఏళ్లకు, అంటే 2014 జనవరిలో, 1,11,000 ఇస్తాం అంది. మధ్యలో కావాలంటే 7, 11, 15 ఏళ్లకు సొమ్ము తీసుకోవచ్చు. 15వ ఏట అయితే 50 వేలు. తీసుకోవాలా వద్దా అన్నది బాండు కొన్నవాడి ఇష్టం.

లెక్క కట్టి చూడండి. ఏడాదికి నూటికి 18 రూపాయల 70 పైసలు పడుతుంది. మన ఊళ్లో రూపాయిన్నర వడ్డీ అంటామే, దానికంటే ఓ పిసరు ఎక్కువే. అదీ చక్రవడ్డీ! అప్పట్లో వడ్డీలు ఎక్కువే, కాదనను. అయినా ఆ 3,600ను నూటికి 12 వచ్చే చోట కదపకుండా దాచినా 20 ఏళ్లకు 35 వేలు కూడా కాదు. మిగతా 76 వేలు ఎక్కడినుంచి తెస్తారు? నీటి తీరువా నుంచి తెద్దామంటే పొలానికి నీళ్లు చేరాలి గదా. నీళ్లు చేరాలంటే పిల్లకాలువలు తవ్వాలి. వాటికీ ఆ డబ్బే కావాలి.

2008 నాటికి బయట వడ్డీలు బాగా తగ్గాయి. బాండ్లను ముందే తీర్చేస్తే లాభమని గుజరాత్ ప్రభుత్వానికి తోచింది. ఒప్పందంలో ఆ హక్కు తనకు లేదు. అందుకని ఏకంగా చట్టమే చేసుకుంది. 2009 జనవరిలో 50 వేలు పుచ్చుకోండి, ఇక వడ్డీ లేదు అంది. పిల్ల పెళ్లికి అక్కరకొస్తుందని లక్షా పదకొండు వేల మీద ఆశపెట్టుకున్నవాడు ఏమైపోవాలి? రైతు తన అప్పు కాగితాన్ని ఇలా తిరగరాసుకోగలడా?

అయితే అసలు తప్పు 2008లో జరగలేదు. ఆ మాట ఇచ్చిన 1993లోనే జరిగింది. 20 ఏళ్ల గడువు పెట్టారు. ఆ గడువు దాటాక, 2014 జూన్‌లో గానీ డ్యామును 138.68 మీటర్లకు పెంచేందుకు అనుమతి రాలేదు. గేట్లు దించింది 2017లో. పని ఎప్పటికి తెములుతుందో తెలియని చోట తారీఖు వేసి ఇంత వడ్డీకి అప్పు చేయడం ఏ లెక్కన తెలివైన పనో నాకు అర్థం కాదు.

ఇది పక్కవాళ్ల గొడవ అనుకోకండి. మన దగ్గరా 1997లో చట్టం చేసి జలవనరుల అభివృద్ధి సంస్థను పెట్టారు. తర్వాత తెలంగాణలో కాళేశ్వరానికి ప్రత్యేకంగా కార్పొరేషన్ పెట్టి దాని పేరున అప్పులు తెచ్చారు. అప్పు తప్పని నేననను. కాలువ లేని పొలం ఎట్లా ఉంటుందో మెట్ట రైతుకు ఒకరు చెప్పనక్కర్లేదు.

నేననేది ఇదే. బాండ్ల మీద వచ్చిన సొమ్ముకు వేరే ఖాతా ఉండాలి. అందులోంచి జీతాలకు, పాత బిల్లులకు పైసా తీయకూడదు. అసలు తీర్చడానికి మొదటి ఏడాదినుంచే కొంత విడిగా దాచాలి. శివారు భూముల పిల్లకాలువలకు ఇంత అని ముందే కట్టేసి, దాన్ని హెడ్‌వర్క్స్‌కు మళ్లించకూడదు. మనవాళ్లు హెడ్‌వర్క్స్‌కు కొబ్బరికాయ కొట్టినంత హుషారుగా పిల్లకాలువకు కొట్టరు. అక్కడే చిన్న రైతు ఎండిపోతున్నాడు.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరులో సాగునీటి సంఘాలకు ఎన్నికలు జరిగాయి. ఈసారి సంఘం మీటింగుకు డీఈగారు వస్తే పూడిక సంగతితో పాటు ఇదీ అడగండి: మన కాలువ పేరున ఎంత అప్పు తెచ్చారు, ఎంత వడ్డీకి, ఏ ఏడాది తీర్చాలి, దానికోసం ఇప్పటికి ఎంత దాచారు? నోటిమాటగా కాదు, కాగితం మీద రాసి ఇమ్మనండి.