ఊగే బల్లకు కొలతలు

మన చందాదారులలో ఒకరు ఈ నెల ఒక చిత్రమైన ప్రశ్న పంపించారు. వారి అల్లుడుగారు అమెరికాలో వుంటారట. సెలవు దినాలలో అక్కడి తుపాకి పోటీల సంఘానికి వెళ్ళి, రంపమూ సుత్తీ పట్టుకొని ఊగే బల్లలు తయారు చేస్తూ వుంటారట. "గురి చూసి కాల్చేవాడికి కాళ్ళ కింద నేల కదలకుండా వుండాలి గదా! కదిలే బల్ల కావాలని కట్టి పెట్టడం ఏమి వినోదమండీ? ప్రమాదం కాదా?" అని వారి సందేహం.

సందేహం సబబైనదే. మేము తెలుసుకున్నంత వరకు సమాధానం చెప్పుతాము.

మనకు పత్రికల వల్ల తెలిసిన గురి పోటీ ఒకటి వున్నది. 2012లో లండన్ ఒలింపిక్సులో హైదరాబాదు గగన్ నారంగ్ కంచు పతకం గెలిచినది పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో. అక్కడ మనిషి ఒక్కచోట నిలబడి, ఊపిరిని సైతం అదుపులో పెట్టుకొని, కదలని గురిని కొట్టాలి. ఇప్పుడు మనం చెప్పుకొనేది అది కాదు. దీని పేరు ప్రాక్టికల్ షూటింగ్. దీని అంతర్జాతీయ సమాఖ్య 1976 మే నెలలో అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో, కొలంబియా పట్టణంలో ఏర్పడింది. జెఫ్ కూపర్ దానికి మొదటి అధ్యక్షులు. గురి, బలం, వేగం అనే అర్థం గల మూడు లాటిన్ మాటలు ఆ సమాఖ్య ఆదర్శవాక్యం. ఇందులో పోటీదారు నడవాలి, పరుగెత్తాలి, తలుపు తెరవాలి, కిటికీలోంచి గురి చూడాలి. ఒక్కొక్క పోటీ రంగాన్ని స్టేజి అనీ, అందులో అమర్చే సామగ్రిని ప్రాప్స్ అనీ అంటారు. రెండూ నాటకాల వాళ్ళ మాటలే. ఆ సామగ్రిలో ఒకటి ఈ ఊగే బల్ల. పోటీదారు దాని మీద నిలబడిగాని, దాని మీదుగా నడుస్తూగాని కాల్చాలి.

అది ఎందుకో లెక్క చూస్తే తెలుస్తుంది. లెక్కలంటే గుమాస్తాలమైన మాకు కొంచెం ప్రీతి, పాఠకులు ఓర్చుకోవాలి. అట్ట గురికి నడిమి భాగంలో తగిలితే 5 మార్కులు. తక్కువ శక్తి గల తూటాలు వాడేవారికి దాని పక్క భాగంలో తగిలితే 3, అంచు భాగంలో 1. తప్పిపోయిన ప్రతి తూటాకూ 10 మార్కులు కోత. వచ్చిన మొత్తాన్ని పట్టిన సెకండ్లతో భాగిస్తారు. పది తూటాలూ నడిమికే కొట్టి 10 సెకండ్లు తీసుకొన్నవాడికి 50ని 10తో భాగించగా 5 వస్తుంది. తొందరపడి 8 సెకండ్లలో ముగించి, మూడు తూటాలు పక్క భాగానికి పోనిచ్చినవాడికి 44ని 8తో భాగించగా 5.5 వస్తుంది. అనగా వాడే గెలిచాడు. కాని అదే తొందరలో ఒక్క తూటా పూర్తిగా తప్పిపోయి, తక్కిన తొమ్మిదీ నడిమికే తగిలినా, మార్కులు 35. ఎనిమిదితో భాగిస్తే 4.4 కూడా రాదు. ఎక్కడ ఆగాలి, ఎక్కడ తొందరపడాలి అన్నదే ఈ ఆటలోని పరీక్ష. నేల గట్టిగా వున్నప్పుడు ఈ నిర్ణయం సులువు. బల్ల ఊగుతున్నప్పుడు మనిషి తెలివి తేలుతుంది.

అయితే అక్కడ తుపాకీ నిజమైనదే, తూటాలూ నిజమైనవే. అందుచేత నియమాలు కఠినంగా వున్నవి. చోటు మారేటప్పుడు వేలు మీట మీద వుండరాదు. తుపాకి మూతి నిర్ణయించిన కోణం దాటి పక్కకుగాని వెనక్కుగాని తిరగరాదు. తుపాకి చేజారరాదు. వీటిలో ఏది జరిగినా ఆ పోటీదారుకు ఆనాటి పోటీ అంతటితో సరి. ఇప్పుడు ఆలోచించండి. బల్ల గిర్రున తిరిగితే దాని మీది మనిషీ తిరుగుతాడు, వాడితోపాటు తుపాకి మూతీ తిరుగుతుంది. తప్పు వాడి ఖాతాలో పడుతుంది. కాని అసలు తప్పు బల్ల కట్టినవాడిది కాదా? కనుక కదలని బల్ల చేసేవాడికన్న కదిలే బల్ల చేసేవాడికి బాధ్యత ఎక్కువ. అది ఎటు కదలాలో, ఎంత కదలాలో, ఎక్కడ ఆగాలో అతడు ముందే నిర్ణయించాలి.

కదిలే బల్లలు స్థూలంగా మూడు రకాలు. మొదటిది స్ప్రింగుల మీదనో పాత టైర్ల మీదనో పరచినది. కట్టడం చాల సులువు, కాని న్యాయం తక్కువ. 50 కిలోల మనిషికి అది ఇంచుమించు గట్టి నేల. 100 కిలోల మనిషికి అదే బురద. ఒక్కొక్కరికి ఒక్కొక్క ప్రశ్నపత్రం ఇచ్చినట్లవుతుంది. రెండవది నడుమ ఇరుసు పెట్టి, పిల్లల తూగుబల్లలాగా ఒక కొన లేస్తే మరొక కొన దిగేటట్లు చేసినది. ఇందులో అడుగు కిందనే వాలు మారిపోతుంది. రెండు కొనల కిందా మెత్తని దిమ్మలు పెట్టి వాలును అదుపు చెయ్యకపోతే మనిషి జారతాడు.

మూడవది గొలుసులతో వేలాడదీసినది, అనగా మన ఉయ్యాల బల్లే. కన్నడంవారు ఉయ్యాలె అన్నా, తమిళులు ఊంజల్ అన్నా, మహారాష్ట్రులు ఝోపాళా అన్నా, ఒడియావారు దోళి అన్నా వస్తువు ఒకటే. నాలుగు మూలలా నాలుగు గొలుసులు, నాలుగూ ఒకే పొడుగు, పైన ఎంత ఎడమో కింద కూడ అంతే ఎడం వుంటే, బల్ల ఎటు ఊగినా మట్టంగానే వుంటుంది, వాలదు. ఒంటి తాడుతో వేలాడదీసినది మెలితిరుగుతుంది. తుపాకి పట్టుకొన్న మనిషిని అటువంటి దాని మీద ఎక్కించరాదు.

గొలుసు బల్లలో మరొక గుణం వున్నది. బడిలో చదువుకొన్న లోలకం పాఠం జ్ఞాపకం చేసుకోండి. ఒక మీటరు గొలుసుతో వేలాడే బల్ల ఒకసారి అటు పోయి ఇటు రావడానికి సుమారు 2 సెకండ్లు పడుతుంది. పావు మీటరు గొలుసయితే సుమారు 1 సెకండు. గొలుసు నాలుగో వంతు అయితే కాలం సగమవుతుందన్న మాట. ఊపు చిన్నదై, మనిషి బిగిసి నిలబడినంత వరకు, ఈ లెక్కలో అతడి బరువు ప్రసక్తి లేనే లేదు. సన్నటివాడికీ లావుపాటివాడికీ అదే కాలం. పైగా ప్రతి ఊపు చివరనా బల్ల ఒక రెప్పపాటు ఆగుతుంది. మీటరు గొలుసయితే సెకండుకొకసారి ఆ ఆగుడు వస్తుంది. తెలిసిన పోటీదారు ఆ క్షణాన్ని కనిపెట్టి మీట నొక్కుతాడు. కనుక గొలుసు పొడుగు కొలిచేవాడు ప్రశ్నపత్రం రాసేవాడితో సమానం.

ఇక కట్టడం సంగతి. ఊగే బల్లను మోసే చట్రం మాత్రం ఎంతమాత్రం ఊగరాదు. కాళ్ళు ఎడంగా, ఏటవాలు ఆసరాలతో వుండాలి. దూలానికి కొక్కెం మరలాగా తిప్పి దిగెయ్యడం కాదు. బోల్టు ఆ పక్కనుంచి ఈ పక్కకు పోయి, వెడల్పు వాషరుతో, వదులు కాని నట్టుతో బిగిసి వుండాలి. మరమేకు కర్రలోనుంచి ఊడిరావచ్చును. బోల్టు అంత సులభంగా రాదు. బల్ల నేలకు జానెడు ఎత్తున వుంటే చాలు. మూడడుగుల ఎత్తున వున్నా ఊపులో తేడా లేదు, పడితే తగిలే దెబ్బలోనే తేడా. బల్ల మరీ దూరం పోకుండా నాలుగు వైపులా పొట్టి అడ్డుగొలుసులో టైరు ముక్కలో పెట్టాలి. తడి రంగు మీద ఇసుక చల్లి ఆరనిస్తే వానలో కూడ బూటు జారదు. ఎక్కే మెట్టుకూ బల్లకూ నడుమ పాదం నలిగే సందు వుండకూడదు. రబ్బరు పట్టీతో కప్పాలి. పోటీదారు వెనక నడిచే అధికారికి పక్కన గట్టి నేల మీద దారి వుండాలి, ఆయన కూడ ఎక్కితే ఊపు మారిపోతుంది.

కట్టిన తరువాత, పోటీకి రాగల అందరికన్న బరువైనవాడికి ఇద్దరింతల బరువు దాని మీద పెట్టి ఊపి చూడాలి. ఆపైన ఒక్కొక్క జట్టు దిగగానే ప్రతి నట్టూ, ప్రతి లంకే చూసి, వేళతో సహా కాగితం మీద వేసుకోవాలి. రాసిపెట్టని తనిఖీ తనిఖీ కాదని ఆఫీసులో మా అనుభవం.

ఇంత శ్రమ ఎందుకంటే, అడ్డంకులు పొడుగు పొట్టి తేడాలకూ, శరీర నిర్మాణపు తేడాలకూ తగినంత అవకాశం ఇవ్వాలనీ, పోటీదారులకూ అధికారులకూ ప్రేక్షకులకూ క్షేమంగా వుండాలనీ సమాఖ్య నియమాలలోనే వున్నది. సామగ్రి చెడిపోయి పోటీదారు ముగించలేకపోతే, బాగుచేసి అతడిచేత మళ్ళీ ఆడిస్తారు. మాటిమాటికీ చెడిపోతూ వుంటే ఆ స్టేజినే ఫలితాలలోనుంచి తీసివేయవచ్చును. అప్పుడు పొద్దుటినుంచి చెమటోడ్చిన అందరి మార్కులూ వృథా. ఒక్క నట్టు బిగించని మనిషి వల్ల ఇంత నష్టం!

కాబట్టి ప్రమాదం బల్ల ఊగడంలో లేదు, కొలత లేకుండా ఊగడంలో వున్నది. కష్టం పెట్టవచ్చును, కాని అది అందరికీ ఒకటిగా వుండాలి, హద్దు వుండాలి, పెట్టినవాడు ముందు తానే ఎక్కి చూసి వుండాలి. పిల్లలకు పరీక్షలు పెట్టే పెద్దలమైన మనకు కూడ ఈ మూడు షరతులూ వర్తిస్తవి.

మన ఇళ్ళలో ఇప్పటికీ నడవలో ఉయ్యాల బల్లలు వున్నవారు ఎందరో వున్నారు. పెళ్ళిళ్ళలో వధూవరులను కూర్చోబెట్టి ఊపేదీ, మనుమలు ముగ్గురూ నలుగురూ ఒక్కసారిగా ఎక్కేదీ ఆ బల్లే. ఈ ఆదివారం ఒక ముక్కాలిపీట వేసుకొని పైన కొక్కేలు చూడండి. గొలుసు రాసుకొనేచోట ఇనుము అరిగి సన్నబడితే మార్చివేయండి. దూలంలో చీలిక వున్నదేమో తడిమి చూడండి. బల్ల ఊపు చివర గోడకు చిన్నపిల్లల తల పట్టేంత సందు మాత్రమే వుంటే బల్లను జరిపించండి. ఇదంతా అరగంట పని.