కట్టుట వేఱు, బిగించుట వేఱు

మన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములలో మోటారు సైకిలు కుటుంబమున నొక సభ్యుని వంటిది. పొలమునకు ఎరువు బస్తాను మోయునది అదియే. మిర్చిని అంగడికి చేర్చునది అదియే. సింగరేణి గనులలో రాత్రి షిఫ్టునకు పోవు తండ్రిని కొనిపోవునది అదియే. తెల్లవారిన పిదప బిడ్డను బడి వాకిట దింపునదియు అదియే. ఇంత సేవచేయు యంత్రమునకు చిన్న జబ్బు కలిగినప్పుడు యజమాని తానే పాన చేతబట్టుట సహజము. అట్టి పని మెకానికునిదే గాని మనది కాదనువారు కొందఱు. ఎట్లో ఒకట్లు బండి కదలిన చాలుననువారు మఱికొందఱు. ఈ రెండభిప్రాయములును సరియైనవి కావని మా తలంపు. ఇంటివాడు తన బండిని తాను బాగుచేసికొనవచ్చును, చేసికొనవలెను గూడ. అయితే బాగుచేయబడు భాగము ఏ పనికై యేర్పడినదో యెఱిగి చేయవలెను. ఈ మాటను నిరూపించుటకు మిక్కిలి చిన్నదైన యొక సంగతిని గైకొందుము. అది విద్యుత్ భాగముల బిగింపు.

బండి ప్రక్క మూతను ఊడదీసి చూచినచో, సీటు క్రిందను, పెట్రోలు టాంకు క్రిందను కొన్ని చిన్న పెట్టెలు కనబడును. ఇండికేటరును వెలిగించి ఆర్పు ఫ్లాషరు ఒకటి. స్పార్కు ప్లగ్గునకు సరియైన సమయమున నిప్పురవ్వను పంపు సీ.డీ.ఐ. పెట్టె మఱియొకటి, బ్యాటరీకి పోవు విద్యుత్తును అదుపుచేయు రెగ్యులేటరు-రెక్టిఫైయరు వేఱొకటి, సెల్ఫ్ స్టార్టు గల బండ్లలో రిలే ఇంకొకటి. వీనిలో కొన్ని రబ్బరు తొడుగులో నిమిడి ఫ్రేమునకు గల ఇనుప నాలుకకు తగిలించబడియుండును. కొన్ని బోల్టుతో బిగించబడియుండును. ఏండ్లు గడచిన కొలది ఎండకును, ఇంజను వేడికిని రబ్బరు గట్టిపడి పగులును, బ్రాకెట్టు చెవి విఱుగును, బోల్టు రాలిపోవును. అప్పుడా పెట్టె తన వైర్లకే వ్రేలాడజొచ్చును. ఇండికేటరు ఒకప్పుడు వెలిగి ఒకప్పుడు వెలుగకుండుట, గుంతలో పడినప్పుడు ఇంజను ఆగి మరల రాజుకొనుట, హారను గొంతు బొంగురుపోవుట మున్నగునవి ఈ జబ్బునకు లక్షణములు.

మన వారు వెంటనే చేయు చికిత్స యందఱకును తెలిసినదే. పాత సైకిలు ట్యూబు ముక్కతో చుట్టుదురు. బైండింగు వైరుతో కట్టుదురు. ప్లాస్టిక్ పట్టీతో బిగించుదురు. నల్ల టేపు అంటింతురు. ఏదియు కుదరనిచో ఎమ్-సీలు మెత్తుదురు. పెట్టె కదలుట మానును. పని యైనదనుకొందుము. పని నాల్గవ వంతు మాత్రమే యైనది. ఏలయన, బండిని నిర్మించినవాడు ఆ బిగింపునకు ఒకటి గాక నాలుగు పనులు ఒప్పగించెను. వస్తువును నిలుపుట మొదటిది. కుదుపునుండి కాపాడుట రెండవది. వేడిని తీసివేయుట మూడవది. విద్యుత్తు మరలి పోవుటకు దారి యిచ్చుట, అనగా ఎర్తు, నాల్గవది. కట్టు మొదటి పనిని మాత్రమే చేయును. బిగింపు నాలుగింటిని చేయును.

మొదట కుదుపును గూర్చి చెప్పెదము. ఇంజను నిమిషమునకు 6,000 చుట్లు తిరుగునప్పుడు సెకనునకు 100 చుట్లగును. ఒక గంటలో 3,60,000 చుట్లు. ప్రతి చుట్టునకును ఫ్రేము సన్నగా వణకును. రబ్బరు తొడుగు ఆ వణకును తాను మ్రింగి పెట్టెకు సోకనీయదు. పెట్టె వైరుకు వ్రేలాడినచో ఆ వణకంతయు వైరు చివర పిన్నుల మీద పడి, లోపలి రాగి పోగులు ఒక్కొక్కటిగా తెగిపోవును. పైతొడుగు చెక్కుచెదరక యుండును గనుక ఆ తెగుదల కంటికి కనబడదు. సీ.డీ.ఐ. పెట్టెను, ఫ్లాషరును ఇనుమునకు ఇనుము తగులునట్లు బిగించుట యిందుచేత తగదు.

రెగ్యులేటరు స్వభావము దీనికి విరుద్ధము. అది ఇంజనులో పుట్టు విద్యుత్తును బ్యాటరీకి తగినట్లు మార్చి, సుమారు 14 లేక 14.5 వోల్టులకు మించనీయదు. పెక్కు బండ్లలో మిగులు విద్యుత్తు వేడిగా మారును. ఆ వేడి పోవుటకే దాని వీపున లోహపు రెక్కలు గలవు. ఆ వేడి ఫ్రేములోనికి ప్రాకుటకే దానిని ఇనుమునకు ఆనించి బిగింతురు. దీనికి ట్యూబు రబ్బరు చుట్టుట, ఎండకాలమున జ్వరము గలవానికి కంబళి కప్పుటయే. అది మాడినచో బ్యాటరీ చచ్చుట గాని, వోల్టేజి హెచ్చి బల్బులు మాడుట గాని జరుగును. కొండ నాలుకకు మందు వేసిన ఉన్న నాలుక ఊడినదను సామెత యిట్టి చోటనే పనికివచ్చును.

ఎర్తు సంగతియు అట్టిదే. నేటి బండ్లలో బ్యాటరీ యొక్క నెగెటివ్ కొస ఫ్రేమునకు కలుపబడియుండును. కొన్ని భాగములకు ఆ బోల్టే ఎర్తు దారి. రంగు మీదనో, త్రుప్పు మీదనో, రబ్బరు మీదనో దానిని బిగించినచో దారి మూయబడును. బల్బును, ఫ్లాషరును మార్చి మార్చి విసిగినవారు పెక్కుమంది ఈ ఒక్క బోల్టు క్రింద ఉప్పు కాగితముతో రుద్దినచో సుఖపడియుందురు. ఇక హారను మఱియొక వింత. దానిలోని రేకు సెకనునకు కొన్ని వందల సార్లు కంపించును. ఆ కంపమునకు అడ్డురాకుండుటకే దానిని పలుచని ఉక్కు పట్టీల మీద నిలిపిరి. గట్టిగా ఉండవలెనని లావు ఇనుపముక్కతో ఫ్రేమునకు అదిమి బిగించినచో దాని గొంతు చెడును.

కాబట్టి ఇంటి చికిత్సలలో ఏది మేలు, ఏది కీడు? ట్యూబు రబ్బరు మంచిదే. రెండు పొరలుగా కత్తిరించి తొడుగువలె అమర్చి ఇనుప నాలుకకు తొడిగినచో ఫ్లాషరును చక్కగా కాపాడును. ప్లాస్టిక్ పట్టీ తొడుగునకు తోడుగా ఉండవచ్చును. వైరు మీద బిగించరాదు. బైండింగు వైరు కుదుపునకు కత్తివలె తొడుగును కోయును గనుక విద్యుత్ భాగముల దరికి రానీయకుడు. నల్ల టేపు వేడికి జిగురు కారి ఊడును. ఎమ్-సీలు గట్టిపడిన పిదప వస్తువును మరల విప్పనీయదు. విప్పరాని బిగింపు బిగింపే కాదు. అన్నిటికంటె కీడైనది ఫ్యూజు బదులు రాగి పోగునో, సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితమునో పెట్టుట. 10 లేక 15 ఆంపియర్ల ఫ్యూజు మాడుట జబ్బు కాదు, జబ్బును తెలుపు గంట. గంట నాలుకను కోసినవానికి పెట్రోలు టాంకు క్రింద నిప్పు పుట్టిన తరువాత గాని సంగతి తెలియదు.

చేయదగిన క్రమము సులభమే. తాళము తీసి, ముందుగా బ్యాటరీ నెగెటివ్ కొసను ఊడదీయవలెను. మరల కలుపునప్పుడు దానిని కడపట కలుపవలెను. ఇట్లు చేసినచో పాన పొరపాటున ఫ్రేమునకు తగిలినను మంట పుట్టదు. ఏ వైరు ఎచట నుండెనో విప్పుటకు ముందే ఫోనుతో ఒక ఛాయాచిత్రము తీసికొనుడు. అసలు రబ్బరు తొడుగు అంగడిలో దొరకినచో దానినే కొనుడు. దాని వెల స్వల్పము, అది కాపాడు పెట్టె వెల దానికి పెక్కు రెట్లు. బ్రాకెట్టు చెవి విఱిగినచో 2 మిల్లీమీటర్ల మందము గల అల్యూమినియము లేక ఇనుప పట్టీని కోసి, అంచులను ఆకురాయితో నునుపుచేసి, బండికి దూరముగా రంధ్రము చేయుడు. ఫ్రేమునకు మాత్రము ఎన్నడును రంధ్రము చేయకుడు. ఫ్రేము బలము తగ్గును. ఇచట సాధారణముగా ఉండునది 6 మిల్లీమీటర్ల బోల్టు; 10 నంబరు పాన దానికి సరిపోవును. స్ప్రింగు వాషరు గాని నైలాక్ నట్టు గాని వేసినచో కుదుపునకు వదులు కాదు. ఎర్తు చోట రంగును గీకి, బిగించిన పిదప పైన కొంచెము వ్యాజిలిను పూయుడు. హ్యాండిలును ఈ కొసనుండి ఆ కొసకు త్రిప్పి వైర్లు లాగబడుటలేదని చూడుడు. ఇంజనును కొంచెము హెచ్చు వేగమున నడిపి బ్యాటరీ యొద్ద మల్టీమీటరుతో కొలిచినచో 13.5 మొదలు 14.5 వోల్టుల వఱకు కనబడవలెను. కొన్ని మైళ్లు పోయివచ్చి బోల్టును మరల ఒకసారి తాకి చూచుట మఱువరాదు.

మెకానికునికి వదలవలసినవియు కలవు. 2020 ఏప్రిలు 1 నుండి బీ.ఎస్.-6 నియమము వచ్చుటచే క్రొత్త బండ్లలో ఎక్కువ వానికి ఇంధనమును కొలిచి పంపు కంప్యూటరు పెట్టె కలదు. దానిని, ఏ.బీ.ఎస్. బ్రేకు పెట్టెను, మాడిన వైర్ల కట్టను ఇంట విప్పుట తగదు. తన హద్దు నెఱుగుటయు విద్యలో భాగమే.

ఇంత చిన్న బోల్టును గూర్చి ఇంత దీర్ఘముగా వ్రాయనేల యని కొందఱు అడుగవచ్చును. జనగామ మీదుగా వరంగల్లునకు పోవు 163వ జాతీయ రహదారి మీద రాత్రివేళ మలుపు తిరుగు బండి వెనుక లారీ వచ్చుచున్నదనుకొనుడు. ఇండికేటరు వెలుగవలసిన క్షణమున వెలుగలేదు. లేక, భూపాలపల్లి నుండి కాటారము వైపు అడవి దారిలో బొగ్గు లారీల దుమ్ము నడుమ హెడ్‌లైటు ఆరిపోయెను. ఆ బండి మీద తండ్రి, అతని వెనుక బిడ్డ. అప్పుడా ట్యూబు ముక్క వెల ఎంత?

మా ప్రాంతమునకు ఈ పని క్రొత్త గాదు. జనగామ సమీపమున పెంబర్తి శిల్పులు ఇత్తడి రేకును సుత్తితో మలచి ప్రఖ్యాతి గాంచిరి. రేకు ఎచట వంగునో, ఎచట విఱుగునో చేతితో తెలిసికొన్న ఊరది. అట్టి గడ్డపై పుట్టిన విద్యార్థి విద్యుత్ ప్రవాహమును గూర్చి పరీక్షలో నిండు మార్కులు తెచ్చుకొని, తన తండ్రి బండిలో ఎర్తు బోల్టు ఏదో చూపలేకుండుట విచారకరము. 2020 జాతీయ విద్యావిధాన పత్రము ఆఱు మొదలు ఎనిమిది తరగతుల వారికి పది దినములు సంచి లేని బడిని, స్థానిక పనివారల చెంత నేర్చుకొనుటను సూచించినది. మన పాఠశాలయందు ఒక పాత హారనును, ఒక ఫ్లాషరును, ఒక బ్యాటరీని బల్ల మీద పెట్టి, ఊరి మెకానికును గౌరవముతో పిలిచి, వారమున కొక గంట యిచ్చినచో ఆ సూచన సఫలమగునని అధికారులకు మా మనవి. బాలికలును ఆ బల్ల చుట్టు నిలువవలెను. ఆగిన బండి నడుపువారు స్త్రీయా పురుషుడా యని చూడదు.

తలిదండ్రులకు ఒక హెచ్చరిక. పాన పట్టుటకు వయస్సు అడ్డము గాదు గాని, బండి నడుపుటకు అడ్డమే. గేరు బండికి 18 ఏండ్లు నిండవలెను. 2019 సవరణ చట్టము ప్రకారము మైనరు బండి నడిపినచో సంరక్షకునికి 25,000 రూపాయల జుల్మానాయు, మూడేండ్ల వఱకు కారాగారమును కలుగవచ్చును. బాగుచేయుట నేర్పుడు; తాళపు చెవిని మీయొద్దనే ఉంచుకొనుడు.

విద్యార్థులారా, ఈ ఆదివారము మీ తండ్రిగారితోనో, అన్నగారితోనో కూర్చుండి బండి ప్రక్క మూతను తీసి చూడుడు. వ్రేలాడు పెట్టె యేదైన కనబడినచో వెంటనే త్రాటికై పరుగెత్తకుడు. ఇది నిలుపుటకా, కుదుపు ఆపుటకా, వేడి తీయుటకా, ఎర్తునకా యని ముందుగా ప్రశ్నింపుడు. ఆ ప్రశ్నకు జవాబు దొరకిన పిదప మీ చేయి ఏది చేసినను అది మరమ్మతగును. దొరకక ముందు చేసినది కట్టు మాత్రమే.